క్యాసెట్‌లో మిగిలిన జాగా

ఆ సోమవారం పొద్దున వెంకటేశం వేసుకున్న లెక్క చాలా సులువైనది. పెండ్లిళ్ల కాలం మొదలైంది. వనపర్తి లలితమ్మ ఈ వారంలోనే మనుమరాలి పెండ్లి చీరల కోసం గద్వాల వస్తుంది. ఆమె చెప్పిన రంగులు, ఆమె చెప్పిన అంచులతో వానకాలమంతా మగ్గాలు నడిచాయి. ఆ మాల్ ఆమె తీసుకుంటే నేసినవాళ్లకూ పండుగే, తనకూ పండుగే. వద్దందా, చిలకపచ్చ చీరకు వంగపండు అంచు వేయించుకునే మనిషి మూడు తాలూకాల్లో మరొకరు దొరకరు. లలితమ్మ రుచి అలాంటిది. కాబట్టి ఆమె వచ్చేదాకా ఆమె చెవిలో తన దుకాణం పేరు మోగుతూనే ఉండాలి. అందుకే తెల్లవారగానే మైకుసెట్టు పెంటయ్య జీపును ప్రచారానికి తోలాడు. గద్వాల బస్టాండు చుట్టూ ఒక చుట్టు తిరిగి, అక్కణ్నుంచి వనపర్తి, ఆ తర్వాత నాగర్‌కర్నూల్.

ప్రచారం క్యాసెట్‌లో గొంతు వెంకటేశందే. చెప్పించడానికి బయటి మనిషిని పిలిస్తే ఖర్చు, పైగా తనకున్న గొంతు ఎవరికీ లేదని ఆయన నమ్మకం. "నేను గద్వాల వెంకటేశం సేటును మాట్లాడుతున్న! పట్టు అంచు నూలు చీరలు! రంగు పోతే చీర వాపస్!" అని మొదలవుతుంది. రంగు పోదన్న మాట ఆయన ఇరవై ఏండ్లుగా చెప్తున్నాడు. ఇరవై ఏండ్లుగా వచ్చిన ప్రతి ఆడమనిషీ అంచు మూల తడిచేసి, వేలితో రుద్ది చూసుకొని గానీ చీర కట్టించుకోలేదు.

బోణీకి ఐజ నుంచి తల్లీకూతుళ్లు వచ్చారు. వెంకటేశం ఎర్రచీర ఒకటి తీసి, మడత విప్పి, అలవాటు ప్రకారం కొంగు తన భుజం మీద వేసుకున్నాడు. చీర మడతలో ఉన్నంతసేపు బట్టే, మనిషి మీద పడ్డాకే చీర. అందుకే ఈ వ్యాపారంలో మీసాలున్న మొగాడు రోజూ పది చీరలు కట్టి విప్పినట్టే లెక్క. కానీ ఈసారి తల్లి, గిరాకులు కూర్చునే పరుపు మీదనుంచి వెనక్కి జరిగింది.

"దించు సేటు, దించు. మీదేసుకోకు."

"మీదేసుకోకుంటే ఎట్ల తెలుస్తదమ్మా?"

"మాకు వేరేది చూపియ్యి. నువ్వు ముట్టనిది."

ముట్టని చీర ఆ దుకాణంలో ఎక్కడిది? తల్లీకూతుళ్లు చెప్పులేసుకొని మెట్లు దిగారు. బోణీ బేరం పోయిందని వెంకటేశం నొచ్చుకుంటుండగానే ఫోను మోగింది. వనపర్తి నుంచి బావమరిది. ఎస్టీడీ బూతులో నిలబడి ఏడుస్తున్నాడు.

"బావా! గింత పెద్ద ముచ్చట ఇంటోళ్లకు చెప్పకుండ మైకుల చెప్తివా?"

"ఏం చెప్పిన్రా?"

"నా నోటితోని చెప్పుమంటవా? మా అక్క గతేంగాను!"

"చీర వాపస్ అని చెప్పిన. గంతే గద?"

"చీర వాపస్ వస్తది బావా. పానం వాపస్ వస్తదా?"

వెంకటేశం ఫోను పెట్టేశాడు. క్యాసెట్ గుర్తుకు వచ్చింది. ఆ క్యాసెట్‌లో చీరల ముచ్చట అయిపోయాక ఇంకా ఏముందో కూడా గుర్తుకు వచ్చింది.

జరిగింది ఇది. ఆయన బిడ్డ బాలమణి డిగ్రీ చదువుతోంది. డిసెంబరు ఒకటో తారీఖున కాలేజీలో ఎయిడ్స్ గురించి సభ. హైదరాబాద్ నుంచి వచ్చిన మేడం ఒకామె పిల్లలకు కొత్త తరహా కవిత నేర్పింది. రాగం తీయకూడదు, పాఠం అప్పజెప్పినట్టు చెప్పకూడదు, ఎదుటి మనిషితో మాట్లాడినట్టే చెప్పాలి. బాలమణి రాసిన కవితలో రోగమున్న మనిషే మాట్లాడతాడు. అయితే క్లాసులో ఒక్క మొగపిల్లవాడూ దాన్ని చెప్పడానికి ముందుకు రాలేదు. "నాకు ఎయిడ్స్ ఉన్నది" అని నలుగురిలో అంటే వాళ్లమ్మ చెవిన పడుతుందని అందరికీ భయమే. బాలమణి తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాయినా, నువ్వు చెప్తె రికార్డు చేసుకుంట. మైకుల చీరలు కొనిపించే గొంతు నీది."

"నవ్వరా బిడ్డా?"

"కాలేజ్ల మట్టుకే. నీ పేరు గూడ చెప్పం."

గొంతును పొగిడితే వెంకటేశం కరిగిపోతాడు. చెప్పాడు, మంచిగానే చెప్పాడు. చివరికి తన కండ్లే తడి అయ్యాయి. కానీ కొత్త క్యాసెట్ కొనబోతే మాత్రం బిడ్డ చెయ్యి పట్టుకున్నాడు. "ఎందుకు దండగ? మన ప్రచారం క్యాసెట్ల జాగ మిగిలే ఉన్నది గద. దాంట్ల పట్టు. పెంటయ్య వేరే దాంట్లకు ఎక్కించి, దీంట్లది తుడిచేస్తడు." పెంటయ్య ఎక్కించాడు. తుడవడం మరిచాడు. మిగిలిన జాగా ఊరికే పోవద్దని చూసిన లెక్క ఇలా తిరిగి వచ్చింది.

వెంకటేశం దుకాణం మూసి బస్సెక్కాడు. తువ్వాల ముఖానికి చుట్టుకొని, కిటికీ పక్కన ఒదిగి కూర్చున్నాడు. ఎర్రవల్లి చౌరస్తా దాటింది, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటింది, పెబ్బేరు దాటింది. వనపర్తిలో దిగేసరికి జీపు వెళ్లిపోయింది. వెనక మాట మాత్రం మిగిలింది. గొంతు ఎండి, చాయ తాగుదామని హోటలు ముందు ఆగి తువ్వాల తీశాడు. ముఖం ఎరిగిన హోటలాయన చాయ ఇచ్చాడు. తాగి గ్లాసు పెట్టబోతే చేతులు జోడించాడు.

"గ్లాసు మీరే ఉంచుకోండ్రి సేటు."

బెంచీ మీదున్న ముసలాయన కసిరాడు. "గ్లాసుతోని రాదని ఆయనే చెప్పిండు గదనయ్యా మైకుల. సక్కగ ఇనలేదా?"

ఎవరు తన పక్షమో, ఎవరు కాదో వెంకటేశానికి అర్థం కాలేదు. గ్లాసు జేబులో వేసుకొని నాగర్‌కర్నూల్ బస్సెక్కాడు. లలితమ్మ ఇల్లు ఆ రోడ్డు మీదే. జీపు ఆమె గడప ముందునుంచే పోయి ఉంటుంది. ఆమె అరుగు మీద కూర్చొని వినే ఉంటుంది. చిలకపచ్చ చీరలన్నీ ఆయన కండ్ల ముందు ఒక్కొక్కటిగా మడత పడసాగాయి.

నాగర్‌కర్నూల్ బస్టాండులో జీపు దొరికింది. దాని చుట్టూ జాతరంత జనం. మైకులోంచి తన గొంతే వస్తోంది.

*నేను మీ ఊరోన్నే.*
*బస్సుల మీ పక్క సీట్ల కూసునేటోన్నే.*
*నాకు ఎయిడ్స్ ఉన్నది.*
*ఏందీ, జరిగి కూసున్నరు?*
*నా చెయ్యి పట్టుకుంటే రాదు.*
*నేను తాగిన గ్లాసుల తాగితే రాదు.*
*తెల్వక తెచ్చుకున్న,*
*అడగనీకి సిగ్గుపడి తెచ్చుకున్న.*
*మీరు అడుగుండ్రి.*
*సిగ్గు దాసుకొని పానం పోగొట్టుకోకుండ్రి.*

"ఆపురా పెంటయ్యా!" అని వెంకటేశం అరిచాడు.

అదే పొరపాటైంది. అరిచిన గొంతూ, మైకులోని గొంతూ ఒక్కటే. జనమంతా ఒక్కసారి ఇటు తిరిగారు. దారి ఇచ్చారు. పెంటయ్య జీపు దిగి ఎదురొచ్చాడు.

"చూసిండ్రా సేటు జనం? చీరల ముచ్చటకు ఒక్కడు ఆగలే. దీనికైతే బస్సులు గూడ ఆగుతున్నయి. అందుకే చీరలది ఒక్కసారి, గిది నాలుగు సార్లు పెడ్తున్న."

వెంకటేశం మైకు లాక్కున్నాడు. "నేను వెంకటేశంను! నాకే రోగం లేదు! గది నా బిడ్డ రాసిన కవిత!"

జనం జాలిగా చూశారు. "అందరు ముందుగాల గట్లనే అంటరు," అన్నాడొకడు. ఒక పెద్దావిడ ముందుకొచ్చి, అందరూ చూస్తుండగా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "భయపడకు కొడకా. పట్టుకుంటే రాదంట." వెంకటేశానికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు చూసి, ఇంకా నమ్మనివాళ్లు కూడా నమ్మేశారు.

ఇంటికి వచ్చేసరికి రాధమ్మ గడపలోనే నిలబడి ఉంది. భర్త కాళ్లకు నీళ్లివ్వలేదు.

"జరీ కొననీకి సూరత్ పోతివి గద. ఏడ పండుకుంటివి?"

"ధర్మశాలల."

"ఎవరి ధర్మశాల?"

"అమ్మా, గది నా కవితనే," అని బాలమణి మొత్తుకుంది.

"కవిత నీదే. గొంతు ఆయనది. గంత సక్కగ ఎట్ల చెప్పిండు, తెల్వకుంటే?"

వెంకటేశం ఇన్నేండ్లు గొంతు మీద పెట్టిన పెట్టుబడి అంతా ఒక్క రోజులో ఎదురు తిరిగింది.

మరునాడు దుకాణంలో ఈగలు తప్ప గిరాకి లేదు. ఎదురుగా నాగప్ప దుకాణం కిటకిటలాడింది. నాగప్ప కూడా చీరల వ్యాపారే. వెంకటేశం కంటే చిన్నవాడు, నోటికి మాత్రం పెద్దవాడు. మెట్ల మీద నిలబడి వచ్చేపోయేవాళ్లకు తల ఊపుతూ చెప్తున్నాడు. "పాపం వెంకటేశం అన్న. మంచోడు. మీరు ఇటు రండమ్మా, ఇటు."

మధ్యాహ్నానికి వెంకటేశం దుకాణానికీ మనుషులు రావడం మొదలైంది. కానీ వాళ్లు గిరాకులు కారు. కాలేజీ పిల్లలు. ఒక్కొక్కడే వచ్చి, అటు ఇటు చూసి, తువ్వాలలు చూపించమని అడిగి, గొంతు తగ్గించేవాడు.

"సేటు, దోమ కుడ్తె వస్తదా?"

"మంగలి దుకాణంల బ్లేడుతోని?"

"రక్తం ఎక్కించుకుంటె? ఒక్కతూరి పోతే గూడ వస్తదా?"

"నన్నెందుకు అడుగుతున్నర్రా? డాక్టర్‌ను అడుగుండ్రి!"

"డాక్టర్ మా నాయినకు దోస్తు. మీరే గద మైకుల అడుగుండ్రి అన్నరు."

రోషం వచ్చినా, అడగమన్నది తనే. వెంకటేశం బిడ్డను పిలిచి గోదాములో కూర్చోబెట్టాడు. ప్రశ్న విని లోపలికి పోయేవాడు. జవాబు కనుక్కొని బయటికి వచ్చేవాడు. దోమతో రాదు. ప్రతి మనిషికీ కొత్త బ్లేడు, కొత్త సూది అడగాలి. రక్తమైతే పరీక్ష చేసిందే ఎక్కించుకోవాలి. ఒక్కతూరి పోయినా రావచ్చు, నిరోధు లేకుండా పోవద్దు. ఈ చివరి మాట చెప్పినప్పుడు బిడ్డ, విన్నప్పుడు ఆయన, ఇద్దరూ గోడ వైపు చూశారు. ఇంతసేపూ ఒక్క తువ్వాల అమ్ముడుపోలేదు.

ఆయనకు ఒక్కటే ఆశ మిగిలింది. ఒకటో తారీఖు సభలో కాలేజీ వేదిక మీద, ప్రిన్సిపాల్ పక్కన నిలబడి, నాకు ఏ రోగమూ లేదని చెప్పాలి. చదువుకున్నవాళ్లు నమ్ముతారు. ఆ నమ్మకం లలితమ్మ వచ్చేలోపు వనపర్తి చేరుతుంది.

రాత్రి బువ్వ వేళకు వీధి ఖాళీ అయ్యాక, గోదాము తలుపు దగ్గర నాగప్ప కనిపించాడు. ఎగతాళికి వచ్చాడేమోనని వెంకటేశం పండ్లు బిగించాడు. నాగప్ప లోపలికి వచ్చి నూలు మూట మీద కూలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా, తలుపు జర ముయ్యి. ముందుగాల ఏమైతది? జరం వస్తదా?"

"నీకెందుకు?"

"నేను గూడ సూరత్ పోతుంట గద అన్నా. పోయిన ఏడు ఒక్కతూరి... తప్పు చేసిన. అప్పట్నుంచి జర దగ్గొస్తె సాలు, గుండె కడుపులకు జారుతది. ఎవరికి చెప్పుకోవాలె? నువ్వు మైకుల గట్ల చెప్తె ఇన్న. గింత పెద్ద సేటే సిగ్గుపడలే, నాకేంది అనుకున్న."

"మరి నా పేరు ఊర్లె గంతగనం ఎందుకు నడిపిస్తివి?"

"భయంతోని. అందరు నీ దిక్కు చూస్తె నా దిక్కు చూడరని."

వెంకటేశం తలుపు మూశాడు. ఆయన తలలో తక్కెడ ఆడుతోంది. ఇప్పుడు ఒక్క మాట వీధిలో వదిలితే చాలు. ఊరి కండ్లు తన గడప నుంచి ఎదురు గడపకు దూకుతాయి. లలితమ్మ తన దగ్గరికే వస్తుంది. లాభం పరుపు మీద పరిచినట్టు కనిపిస్తోంది. కానీ దాని మీద చెయ్యి వేయబుద్ధి కాలేదు. "నాకు లేదురా, అదంతా కవిత" అని నిజం చెప్పవచ్చు. చెప్తే నాగప్ప లేచిపోతాడు, మళ్లీ ఏ తలుపూ తట్టడు.

"కర్నూలుల రక్తం పరీక్ష చేస్తరంట," అన్నాడు చివరికి. "రేపు పోదాం పా. ఇద్దరం ఇద్దాం."

"నువ్వు ముందర ఉంటె నేను ఎన్క వస్త. నువ్వు లేకుంటె వద్దన్నా, నాకు బేడ."

మరునాడు రైలు స్టేషన్‌లో ఎదురైన ప్రతివాడికీ నాగప్ప చెప్పాడు. "ఏం జేస్తం? వెంకటేశం అన్నకు తోడు పోతున్న." వెంకటేశం నోరు మూసుకొని తల ఊపాడు. పెద్ద దవాఖానలో ఇద్దరూ రక్తమిచ్చారు. కాగితాలకు నాలుగు రోజులు పడుతుందన్నారు. ఒకటో తారీఖు దానికంటే ముందే వచ్చింది.

కాలేజీ షామియానా కింద నిలబడడానికి జాగా లేదు. వెంకటేశం వేదిక ఎక్కగానే గుసగుసలు ఆగిపోయాయి. ముందు వరుసలో బాలమణి పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. తండ్రి ఏం చెప్పబోతున్నాడో ఆమెకు తెలుసు. చెప్పొద్దని అనలేదు. నష్టం ఆయనది. తువ్వాలలు అడిగిన పిల్లలంతా కనిపిస్తున్నారు. వెనక స్తంభాన్ని పట్టుకొని నాగప్ప నిలబడ్డాడు.

"నాకు..." అన్నాడు వెంకటేశం. నాకు లేదు అంటే ఆ స్తంభం దగ్గరి మనిషి ఒంటరివాడైపోతాడు, కాగితం కోసం తిరిగి కర్నూలు పోడు. ఉన్నది అంటే చిలకపచ్చ చీరలు గోదాములోనే ముసలివైపోతాయి. ఒక్క క్షణం కండ్లు మూసుకున్నాడు. తర్వాత ఆయన నోట వచ్చింది లేదనే మాటా కాదు, ఉన్నదనే మాటా కాదు. బిడ్డ కవిత వచ్చింది. *నేను మీ ఊరోన్నే* అని మొదలుపెట్టి, మైకు లేకున్నా గద్వాల కోట గోడకు తగిలే గొంతుతో చివరిదాకా చెప్పాడు. *మీరు అడుగుండ్రి* అన్నచోట ఆగాడు. ఎక్కడో ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు. తర్వాత ఇంకొకడు. ప్రిన్సిపాల్ పక్కనున్న డాక్టరు గారు కుర్చీలోంచి లేచి జవాబులు మొదలుపెట్టాల్సి వచ్చింది.

వెంకటేశం దిగి ఇంటికి పోయాడు. చీరలు పోయాయన్న లెక్క తేల్చేసుకున్నాడు. రాధమ్మ ఆ రోజు కాళ్లకు నీళ్లిచ్చింది. "సభల ఆడోళ్లు గూడ ఏడ్చిండ్రంట గద," అంది. అంతకు మించి సూరత్ ఊసు ఎత్తలేదు.

లలితమ్మ వచ్చే రోజు రానే వచ్చింది. పొద్దెక్కినా ఆమె జాడ లేదు. ఇక రాదనుకొని వెంకటేశం పరుపు మీది గుడ్డలు సర్దుతుండగా బయట జీపు ఆగింది. లలితమ్మ దిగింది, వెనక మనుమరాలు దిగింది. వాళ్ల వెనకే, అప్పుడే కర్నూలు రైలు దిగిన నాగప్ప నడిచి వచ్చాడు. వచ్చీ రాకముందే వెంకటేశాన్ని పక్కకు లాగి, రెండు కాగితాలు చేతిలో పెట్టాడు.

"నాకు లేదన్నా! ఏం లేదంట! నీకు గూడ లేదని రాసిండ్రు. నీకు తెల్వదా?"

"తెల్సు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే."

నాగప్ప కండ్లు తుడుచుకొని, ఎదురుగా ఉన్న తన దుకాణానికి పోయాడు. లలితమ్మ పరుపు మీద సర్దుకొని కూర్చుంది.

"ఏమయ్యా వెంకటేశం, మేం ఆయన దుకాణం ముంగటనే ఆగినం. చిలకపచ్చ చీరలు మీ దగ్గరనే ఉన్నయని ఆయనే తోల్కొచ్చిండు. పోటీ దుకాణపోడు గిరాకిని తెచ్చుడా? గద్వాలకు ఏమైంది?"

వెంకటేశం గబగబా కాగితం ముందు పెట్టాడు. "అమ్మా, మైకుల మీరు ఇన్నది కవిత. నాకు రోగం లేదు, ఇగో చూడుండ్రి."

లలితమ్మ కాగితం వైపు చూడనైనా లేదు. "ఉంటె ఏంది, లేకుంటె ఏంది? ముట్టుకుంటే రాదని నీ మైకుల ఇని మా పిల్ల ఇంట్ల అందరికి కూసోబెట్టి చెప్పింది. ఒక్కతూరి కాదు. తాపకోతూరి, బువ్వకు కూసున్నప్పుడల్ల. చీర తియ్యి. మీదేసుకొని చూపియ్యి."

వెంకటేశం చిలకపచ్చ చీర తీశాడు. వారం తర్వాత మొదటిసారి కొంగు భుజం మీద వేసుకున్నాడు. వంగపండు అంచు వెలుతురులో మెరిసింది. మనుమరాలు ముందుకు వంగి, ఆయన భుజం మీది కొంగునే చేత్తో పట్టుకొని చూసింది.

"మంచిగున్నది," అంది లలితమ్మ. "రంగు పోదు గద?"

"పోదమ్మా. పోతే చీర వాపస్. నా మాట."

లలితమ్మ మంచినీళ్ల చెంబులో వేలు ముంచి, అంచు మూల తడిచేసి రుద్దడం మొదలుపెట్టింది. వెంకటేశానికి ఎయిడ్స్ ఉన్నదని క్యాసెట్ ఒక్క పొద్దు మోగితే మూడు తాలూకాలు నమ్మాయి గానీ, రంగు పోదని ఆయన ఇరవై ఏండ్లుగా చెప్తున్న మాట ఇంకా పరీక్షలోనే ఉంది.